లైటు కొనిస్తే అబ్బాయి దారిలో పడతాడా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర కొబ్బరితోట, కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు ఉన్నాయి. మా అబ్బాయి భీమవరంలో డిగ్రీ రెండో సంవత్సరం. ఏడాదిగా ఒక స్టూడియో వాళ్లతో పెళ్లి వీడియోలకు వెళ్తున్నాడు. ఇప్పుడు సొంతంగా ఎల్ఈడీ ప్యానెల్ లైట్లు కావాలంటూ 85 వేలకు చీటీ రాసిచ్చాడు. పంట డబ్బు చేతిలో ఉంది. ఒకేసారి మంచివి కొనిచ్చేస్తే మళ్లీ అడగడని మా ఆవిడ అంటోంది. ఏ రకం నయమో పోల్చి చెప్పండి. అసలు ఇది బతుకుతెరువు అవుతుందా? మా అన్నయ్య కొడుకు కెనడాలో ఉద్యోగం చేస్తున్నాడు.

జవాబు: లైట్ల గురించి అడిగారు, బాగానే ఉంది. చివర్లో కెనడా ఎందుకొచ్చిందండీ?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. సామాను పేరు మారుతుంది, అంతే. ఒకప్పుడు కెమెరా, తర్వాత డ్రోను, ఇప్పుడు లైట్లు. అడుగున ఉన్న భయం మాత్రం ఒక్కటే: పెళ్లి వీడియోలు తీసుకునేవాడికి పిల్లనెవరిస్తారు? మీరు రాయలేదు కాబట్టి నేనే రాసేశాను. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చీటీ చూద్దాం, ఎందుకంటే మీవాడి బుర్ర ఎటు తిరుగుతోందో అందులోనే తెలుస్తోంది.

చీటీలో రెండు పెద్ద ప్యానెళ్లు, రెండు రంగురంగుల ఆర్‌జీబీ ట్యూబులు, ఒక సీఓబీ లైటు, దానికి సాఫ్ట్‌బాక్సు. ప్యానెల్ అంటే పలకలా ఉండి, వందల కొద్దీ చిన్న చిన్న ఎల్ఈడీలతో వెడల్పుగా వెలుగిచ్చేది. సీఓబీలో ఎల్ఈడీలన్నీ ఒక్కచోట కుదించి ఉంటాయి, టార్చిలా సూటిగా కొడుతుంది. దాని వెలుగు మెత్తబడాలంటే ముందు సాఫ్ట్‌బాక్సు, అంటే తెల్లగుడ్డ తెర ఉన్న గూడు, తగిలించాలి. దాన్ని విప్పడానికి, బిగించడానికి, పడిపోకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. బైకు మీద వెళ్లి, జనం మధ్యలో దూరి, జీలకర్ర బెల్లం టైముకు వధూవరుల ముందు నిలబడాల్సిన కుర్రాడికి ప్యానెలే నప్పుతుంది. పోలిక అంటే ఇంతే. కంపెనీల పేర్లు చెప్పమంటారేమో, చెప్పను. పేరు చూసి కొనేవాడికి లైటు గురించి ఏమీ తెలియదని కొట్టువాడు మొదటి నిమిషంలోనే కనిపెట్టేస్తాడు.

ఒక ప్యానెల్ ఎంత దూరం పనిచేస్తుందో మీవాడికి తెలుసో లేదో అడగండి. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. వెలుగును లక్సుల్లో కొలుస్తారు. మీటరు దూరంలో 2000 లక్సు ఇచ్చే లైటు రెండు మీటర్లకు 500, నాలుగు మీటర్లకు 125 ఇస్తుంది. కాబట్టి ఇద్దరు మనుషుల ముఖాలకు సరిపోయే లైటుతో మండపం మొత్తం వెలిగించాలనుకోవడం పొరపాటు. మండపం సంగతి డెకరేషన్ వాళ్లు ఎటూ చూసుకుంటారు. వాళ్లు పెట్టే ఊదారంగు లైట్ల మధ్య పెళ్లికూతురి ముఖాన్ని మనిషి ముఖంలా చూపించడమే మీవాడి పని.

ఇక్కడ మా ఇంటి గొడవ ఒకటి చెప్పాలి. మా మేనకోడలి పెళ్లి వీడియోలో కుంకుమ ఇటుకపొడిలా పడింది. మెరూన్ పట్టుచీర కాఫీరంగుకు తిరిగింది. పసుపు రాసిన పాదాలకు పాచి పట్టినట్టు ఆకుపచ్చ జీర. మా అక్క ఇప్పటికీ ఆ వీడియో చూడదు. తీసినవాళ్ల కెమెరా ఖరీదైనదే, తప్పంతా లైటుది. తెల్ల ఎల్ఈడీ అంటే సాధారణంగా నీలం చిప్పు మీద పసుపు పూత. చౌకరకం వాటిలో ఎరుపు భాగం బాగా పలచగా ఉంటుంది. డబ్బా మీద సీఆర్ఐ 90 అని గొప్పగా వేస్తారు, రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె. అది 8 లేత రంగుల మీద తీసిన సగటు, ముదురు ఎరుపు ఆ లెక్కలోకే రాదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంది. సీఆర్ఐ 90 దాటిన లైటుకు కూడా ఆర్9 అడుగంటి ఉండొచ్చు. మన పెళ్లిలో ఎరుపు లేనిదెక్కడ చెప్పండి? మధుపర్కాల అంచు, పారాణి, బొట్టు, పట్టుచీర. అందుకని సీఆర్ఐ 95కు తగ్గకూడదు, ఆర్9 అంకె విడిగా చెప్పాలి. చెప్పలేకపోతే ఆ లైటు వద్దు.

బై-కలర్ తీసుకోమనండి. అందులో పసుపు వెలుగు ఎల్ఈడీలు, తెల్లని వెలుగు ఎల్ఈడీలు రెండూ ఉంటాయి. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు. రాత్రి సీరియల్ బల్బుల మధ్య పసుపు వెలుగుకు 3200 కెల్విన్, మర్నాడు సత్యనారాయణ వ్రతానికి కిటికీ పక్కన తెల్లని వెలుగుకు 5600, ఇలా చుట్టూ ఉన్న వెలుగుకు తగ్గట్టు తిప్పుకోవచ్చు. మన పొలాల దగ్గర ఇంకో ఉపయోగం కూడా ఉంది. వరి చేలో పురుగులకు దీపపు ఎర పెట్టడం చూసినవారు మీరు, మీకు నేను చెప్పాలా? వాన వెలిసిన సాయంత్రం చేల పక్కన వేసిన పందిట్లో తెల్లటి ప్యానెల్ వెలిగిస్తే దోమా రెక్కల పురుగులూ వరుసకట్టి వస్తాయి. పెళ్లికొడుకు తలంబ్రాలు పోస్తాడా, పురుగులు దులుపుకుంటాడా? పసుపు వెలుగుకు తిప్పితే పూర్తిగా పోవు గానీ కాస్త తగ్గుతాయి.

బ్యాటరీ లెక్క చీటీలో అసలు లేదు. నాకు చిరాకు తెప్పించింది అదే. ఈ ప్యానెళ్లకు ఎక్కువగా వాడే ఎన్‌పీ-ఎఫ్ రకం పెద్ద బ్యాటరీలో నిండా ఛార్జి ఉంటే 48 వాట్-అవర్ల దాకా ఉంటుంది. 30 వాట్ల ప్యానెల్‌ను పూర్తి వెలుగులో పెడితే గంటన్నర, అదీ కాగితం మీద. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికైతే? జనరేటర్ మీద ఆధారపడదామంటే అది దగ్గినప్పుడల్లా వోల్టేజి ఎగురుతుంది, అడాప్టర్ పోతుంది. లైటు ఒకటి తగ్గినా పర్వాలేదు, బ్యాటరీలు రెండు ఎక్కువుండాలి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కూడా, బ్యాటరీ కాంటాక్టులు చిలుము పడతాయి. గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచుకోవాలి.

రంగురంగుల ట్యూబుల మాటకొస్తే, వాటిని కొట్టేయండి. నా అనుమానాలన్నీ ఇక్కడే మొదలవుతున్నాయి. పెళ్లి వీడియోలో వాటి పని గంటకు రెండు నిమిషాలు. మీవాడికి అవెందుకంటే రీల్స్‌లో కనబడే కుర్రాళ్ల వెనక గోడ నీలంగా, గులాబీగా మెరుస్తుంటుంది కాబట్టి. అంటే వాడి మనసు సగం వీడియో తీయడం మీద, సగం వీడియోలో కనబడటం మీద ఉంది. రెండూ వేరు వేరు పనులు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది ఈ రెంటినీ కలిపేసి, తర్వాత ఏదీ చేతికి రాక కూర్చుంటారు. యూట్యూబులో ప్రకటనల డబ్బులో పూర్తి వాటా రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అది గేటు మాత్రమే, లోపల జీతం ఎవరూ పెట్టుకుని కూర్చోలేదు. చానల్ పెట్టుకోవద్దని అనను, సాయంత్రాలు పెట్టుకోమనండి. కానీ దాన్ని కెరీర్ అని పిలిచి, దానికోసం డిగ్రీ ఆపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి.

ఆరు నెలల్లో సినిమాటోగ్రాఫర్‌ని చేస్తామని లక్షలు పిండే డిప్లొమాల మీదా నాకు నమ్మకం లేదు. పాలకొల్లు వాళ్లు మీరు, దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్యలను పంపిన ఊరు, సినిమా అనగానే గుండె కొంచెం ఎక్కువే కొట్టుకుంటుంది. తప్పులేదు. ఆ ఆశే ఉంటే దారి వేరు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ కోర్సుకు డిగ్రీ ఉండాలి, మీవాడికి ఇంకో ఏడాదిన్నర చదువుంది. ప్రవేశ పరీక్షల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది, ఇక్కడ రాయను. డిగ్రీ పూర్తి కావాలి, అంతే.

ఇప్పుడు మీతో. కోప్పడకండి.

ఒకేసారి కొనిచ్చేస్తే మళ్లీ అడగడన్న మాట మీ ఆవిడది అని రాశారు గానీ, కింద సంతకం మీదే. ఏడ్చే పిల్లాడి చేతిలో జంతిక పెట్టినట్టు 85 వేలు పెట్టి వాడి నోరు మూయిద్దామనేగా? చెరువు మొదలెట్టిన మొదటి పంటకే నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లన్నీ కొన్నారా మీరు? రొయ్యపిల్ల ఎంత వేశాను, నీళ్లెలా ఉన్నాయి, కరెంటు బిల్లు ఎంతొస్తుంది అని లెక్క చూసుకుని ఒక్కొక్కటే పెంచి ఉంటారు. అదే బుద్ధి కొడుకు దగ్గర ఏమైంది? ఇంకో మాట. రొయ్యకు తెల్లమచ్చ తెగులు తగిలితే వారం తిరక్కుండా చెరువు ఖాళీ అవుతుంది. అలాంటి పంట మీద లక్షలు పెట్టే మీరు వాడి పనిని బతుకుతెరువా కాదా అని నన్నడుగుతున్నారు! మీది వ్యవసాయం, వాడిది జూదమా? కెనడా కుర్రాడి జీతం మీకు నోటికొచ్చు, సరే. మీవాడు పోయిన సీజనులో ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లాడు, రోజుకెంత ఇచ్చారు, అందులో ఎంత బాకీ ఉంచారు? ఒక్కటైనా తెలుసా? తెలిస్తే రాసేవారే.

ఇంత అన్నాను కాబట్టి అసలు భయానికి కూడా సమాధానం చెబుతాను. వీడియో పని చేసేవాడికి పిల్లనివ్వరనడం నిజం కాదు. ఎప్పుడు పని ఉంటుందో, ఎంతొస్తుందో చెప్పలేనివాడికి ఇవ్వరు. పెళ్లి పనికి ఉన్న పెద్ద చిక్కూ అదే. మూఢం, ఆషాఢం, శూన్యమాసం వస్తే నెలల తరబడి కెమెరా సంచిలోనే ఉంటుంది. స్టూడియోల వాళ్లు కుర్రాళ్లను ముహూర్తాలకు మాత్రమే పిలుస్తారు. ఆ ఖాళీ నెలల్లో డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూసుకున్నవాడు నిలబడతాడు. గోదావరి జిల్లాల్లో అలాంటి పనికి కొదవ లేదు. ఫోను పట్టుకుని లైవ్‌లో చీరలు అమ్మేవాళ్లు ఊరికి ఇద్దరున్నారు. వాళ్ల ఏడుపంతా ఒకటే, వీడియోలో చూసిన రంగు వేరు, ఇంటికొచ్చిన చీర వేరు అని వెనక్కి పంపేస్తున్నారని. రంగు సరిగ్గా చూపించే రెండు ప్యానెళ్లు, వాటిని ఎక్కడ పెట్టాలో తెలిసిన కుర్రాడు ఉంటే వాళ్ల నష్టం తగ్గుతుంది. నెలకింత అని ఇస్తారు. కడియం నర్సరీల వాళ్లకు మొక్కల వీడియోలు కావాలి. నరసాపురం లేసు అల్లికలు అమ్మేవాళ్లకు ఫొటోలు కావాలి.

ఆ లేసు దగ్గర మీవాడికి ఒక పరీక్ష పెట్టండి. తెల్ల లేసు ముక్కను నల్లగుడ్డ మీద పరిచి, లైటు ఎదురుగా పెడితే అల్లిక చదునుగా, కాగితంలా కనబడుతుంది. అదే లైటును పక్కకు తెచ్చి కిందికి దించితే ప్రతి దారానికీ నీడ పడి, ముడి ముడీ లేచి నిలబడుతుంది. మీరు చెప్పకుండానే వాడు లైటును పక్కకు జరిపితే వాడికి ఈ పని వస్తుంది, మీరు టెన్షన్ పడనక్కర్లేదు. జరపకపోతే ఇంకో సీజను ఎవరి దగ్గరైనా లైటు పట్టుకోవాలి. లైటు పట్టుకోవడం నామోషీ పనేమీ కాదు. కెమెరామన్ ఎక్కడికి జరిగితే ముఖం మీద నీడ ఎటు పోతుందో గంటల తరబడి చూసేది లైటు పట్టుకున్నవాడొక్కడే.

ఇక డబ్బు. ఇప్పటికి 30 వాట్ల బై-కలర్ ప్యానెళ్లు రెండు, స్టాండ్లు రెండు, బ్యాటరీలు నాలుగు చాలు. సగం మీరు పెట్టండి, సగం వాడు సంపాదించి పెట్టాలి. తన సగానికి అప్పు చేస్తానంటే ముద్ర పథకంలో శిశు కేటగిరీ కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ మొదటి లైటుకే వాయిదాలు ఎందుకు? సీఓబీ అవసరమైన రోజున అద్దెకు తెచ్చుకుంటాడు. ఆరేడుసార్లు అద్దె కట్టాక కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనుక్కోమనండి.

కొట్టుకు మీరూ వెళ్లండి. లైటు వెలిగించి, వెలుగు పదో వంతుకు తగ్గించమనండి. ఫోనులో స్లోమోషన్ పెట్టి తీయండి. అడ్డచారలు కదిలితే, లేదా వెలుగు కొట్టుకుంటున్నట్టు కనబడితే ఆ లైటు నిజంగా తగ్గడం లేదు, చాలా వేగంగా ఆరి వెలుగుతోందని అర్థం. పెట్టెలో పెట్టేయమనండి. చారలు లేకపోతే పావుగంట వెలిగించే ఉంచి వెనకవైపు చెయ్యి పెట్టి చూడండి. ఫ్యాను ఉన్న రకమైతే చెవి దగ్గర పెట్టుకుని వినండి, ఎవరితోనైనా మాట్లాడించి వీడియో తీసేటప్పుడు ఆ రొద మైకులోకి ఎక్కుతుంది. జేబులో ఒక కుంకుమ పొట్లం, ఒక పసుపు పొట్లం వేసుకెళ్లండి. తెల్ల తువ్వాలు మీద రెండూ పోసి, ముందు బయట ఎండలో చూసి, తర్వాత ఆ లైటు కింద కెమెరాలో చూడాలి.

మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. చీర రంగు విషయంలో మీ ఇద్దరి కళ్లకన్నా ఆవిడ కన్ను నయం.