గుర్రాల దొడ్డిలో విషపు మొక్కలా? గడ్డి మందు సరే, ముందు గోడ అవతల చూడండి

గుర్రాలు మేసే దొడ్డిలో వయ్యారిభామ, ఉమ్మెత్త, గన్నేరు పెరిగాయి, ఏ గడ్డి మందు కొడితే త్వరగా పోతాయని అడిగారు. ఏ మందూ వద్దు. మందు పడిన మొక్క ఆ రోజే మాయమైపోదు, వడలిపోయి కొన్నాళ్లు అక్కడే ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు మూతి తిప్పుకున్న గుర్రమే వడలిన ఆకును కమ్మగా నములుతుంది. గన్నేరు ఎండినా దాని విషం ఎండదు. పైగా గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వాడకాన్ని 2022లోనే కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకు పరిమితం చేసింది. అయినా మా ఎరువుల దుకాణంలో అడిగితే చాలు, సీసా తీసి చేతిలో పెడతారు.

మాకు హైదరాబాద్ శివారులో పందేలు మానేసిన రెండు గుర్రాలున్నాయి. స్థలం పాత యజమాని నీళ్ల తొట్టి వెనక గన్నేరు పొద ఒకటి పెంచాడు. దాని చుట్టూ ముళ్లకంచె కట్టించాం. ఏ గుర్రమూ ఆ కంచె దాటలేదు. విషం గోడ మీద నుంచి వచ్చింది. పక్కనున్న విల్లాల కాలనీ తోటమాలి గన్నేరు కొమ్మలు కత్తిరించి, చెత్తబండి దాకా మోయడమెందుకని మా వైపు విసిరేశాడు. రెండు రోజులు ఎండలో పడి ఉన్న కొమ్మలవి.

గుర్రాలను చూసుకునే మా సాయీసు చూసేసరికి ఆడగుర్రం పెదవుల మధ్య నుంచి సన్నటి ఆకు సగం వేలాడుతోంది. ముందు పళ్లకూ దవడ పళ్లకూ నడుమ ఉండే ఖాళీలో బొటనవేలు దూర్చి, నోరు తెరిపించి, నాలుక పక్కకు లాగి, పచ్చటి నురగతో కలిసిన ముద్దను వేళ్లతో బయటికి తీశాడు. గుర్రానికి వాంతి కాదు. మింగిందంటే మింగినట్టే. చీకటి పడేసరికి కడుపు నొప్పితో గిట్టతో నేల తవ్వడం, మాటిమాటికీ డొక్కల వైపు తిరిగి చూసుకోవడం మొదలుపెట్టింది. దాని ఎడమ ముందు కాలి మోచేతి వెనక చెవి ఆనిస్తే గుండె కాస్త కొట్టుకుని, ఆగి, మళ్లీ గబగబా కొట్టుకుంటోంది. ఊరికే నిలబడి ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఒకే తీరుగా కొట్టుకోవాల్సిన గుండె అది.

మొదట ఫోను చేసిన డాక్టరు "గేదెలకైతే వస్తానండీ, గుర్రాలు నాకు అలవాటు లేదు" అన్నారు. ఇంత పెద్ద నగరం, పందేల మైదానం ఉంది, ప్రతి బారాత్‌కూ గుర్రం కావాలి, రాత్రిపూట వచ్చే గుర్రాల వైద్యుడు మాత్రం దొరకడు. చివరికి దొరికినాయన ముక్కులోంచి గొట్టం వేసి విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి, అదే యాక్టివేటెడ్ చార్‌కోల్, కలిపిన నీళ్లు పట్టించారు. బతికింది. నోట్లోంచి తీసిన ఆ ముద్దే దాన్ని బతికించిందని నా నమ్మకం, డాక్టరు గారు చార్‌కోల్ అన్నా సరే.

తరువాత మా పొదను కూడా తీయించాం. ముందు గుర్రాలను లాయంలో కట్టేశాం. నేల తడిసి మెత్తబడే దాకా, అంటే ఒక మంచి వాన పడే దాకా ఆగాం. కొమ్మ నరకక ముందే పొద చుట్టూ పాత టార్పాలిన్ పరిచాం. రాలిన ఆకు మట్టిలో కలిస్తే ఏరడం ఎవరి వల్లా కాదు. గన్నేరు రసం చేతులకూ కళ్లకూ తగలకుండా చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాం. గడ్డపారతో వేరు మొత్తం పెకిలించాలి, మోడు మిగిలితే మళ్లీ చిగురు వేస్తుంది. కాల్చకండి, దాని పొగ కూడా విషమే. మేం గుర్రాలు తిరగని చోట లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. తరువాత కూడా నేలంతా వంగి వెతికి, ఒక్క ఆకు కూడా లేదని చూసుకున్నాకే గుర్రాలను వదిలాం. వయ్యారిభామను పూత రాకముందే చేతి తొడుగులతో పీకేయండి, ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. పక్క చేలో ఆముదం ఉంటే మాత్రం గింజల మీద కన్నేయండి. ఆ విషాన్ని గుర్రం అస్సలు తట్టుకోలేదు.

రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ చెట్ల పుప్పొడి ఆరోగ్యానికి చేటని అంత గోల చేసిన మనం, రహదారుల డివైడర్ల పొడవునా గన్నేరు నాటితే పూలు బాగున్నాయని ఫొటోలు తీసుకుంటాం. పశువులు ముట్టవు కాబట్టే నాటామంటారు. చెట్టున ఉన్నంత వరకు ముట్టవు, నిజమే. కత్తిరించి రోడ్డు పక్కన కుప్ప పోశాక వడలిన ఆకుల సంగతేమిటి? కాలనీ సంఘం వాళ్లను ఇదే అడిగితే "మొక్కల వల్ల గాలి శుభ్రపడుతుంది కదా" అన్నారు. చివరికి గోడ మీద రేకులు నేనే ఎత్తు పెంచి కట్టించుకున్నాను.

మీ దొడ్డి పక్కన ఎవరి స్థలం ఉందో రాయలేదు. పెరడా, తోటా, రోడ్డా? అది చెప్పండి, మొక్కల సంగతి తరువాత చూద్దాం.