కత్తెర పెట్టిన చోటి నుంచి రాయమ్మా

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. ఫ్యాషన్ డిజైనింగ్ చదువుకుంటూ, విజయవాడ హాస్టల్లో ఉంటూ, సెలవులకు గుంటూరు వచ్చిపోతూ, ఆ చదువులో నీకు స్ఫూర్తినిచ్చేవి ఏమిటో, నీ రోజు ఎలా గడుస్తుందో తెలుగులో రాయాలని పూనుకోవడమే నాకు ముందుగా సంతోషం కలిగించింది. మన భాషలో చీరల ప్రకటనలు కావలసినన్ని ఉన్నాయి కానీ, బట్టను కోసి కుట్టేవాళ్ళు తమ పని గురించి తాము రాసుకున్నవి బహు తక్కువ. అందుచేత నాలుగు మెచ్చుకోలు మాటలతో సరిపెట్టి పంపడం నీకు న్యాయం కాదనిపించి, కొంచెం నిక్కచ్చిగానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ వ్యాసంలో అమరావతి శిల్పాలున్నాయి, దసరాలో దుర్గమ్మవారి అలంకారాలున్నాయి, కొండపల్లి బొమ్మలున్నాయి, మంగళగిరి నేత ఉంది, కలంకారీ ఉంది, ప్రకాశం బ్యారేజీ మీద సాయంకాలపు ఎండ ఉంది, చివరికి మిర్చియార్డు కూడా ఉంది. (గుంటూరు పేరెత్తగానే మిరపపండు ఎరుపును తలుచుకోకుండా ఉండలేకపోవడం మన జిల్లావాళ్ళందరికీ ఉన్న జబ్బే; దానికి నిన్నొక్కదాన్నే తప్పుపట్టను.) వీటిలో ఒక్కొక్కదానికి రెండేసి వాక్యాలు దక్కాయి. ప్రతి ఒక్కటీ నిన్ను ఎంతగానో ఆకట్టుకుంది. కానీ ఏ ఒక్కటీ నీ కత్తెర దాకా రాలేదు. కంటితో చూసినది కాగితం మీద గీతగా, ఆ గీత బట్టగా, ఆ బట్ట ఒంటిమీద నిలిచే దుస్తుగా మారే దారిలో ఏం జరిగిందో చదివేవాళ్ళకు తెలియలేదు. ఒకదాన్నే ఎంచుకో. అది నిన్ను ఆకట్టుకున్న సంగతిని ఒక వాక్యంలో ముగించి, బట్ట దగ్గరికి వచ్చాక అది ఎక్కడ పేచీ పెట్టిందో, నువ్వు దాన్ని ఎలా తేల్చావో రాయడానికి మిగతా పేజీలన్నీ వాడుకో.

అమరావతినే తీసుకుందాం. ఆనాటి శిల్పుల కళ్ళతో వస్త్రాన్ని చూశానని రాశావు. వినడానికి బాగానే ఉంది కానీ, ఆ శిల్పాల్లో బట్ట ఎలా ఉందో మాత్రం ఎక్కడా చెప్పలేదు. పల్నాటి సున్నపురాతిలో చెక్కిన ఆ స్త్రీపురుషుల ఒంటిమీదివి చాలావరకు కుట్టని బట్టలు. నడుముకు చుట్టి, ముడివేసి, మిగిలిన కొసను కుచ్చిళ్ళుగా ముందుకో పక్కకో జారవిడిచినవి. బట్ట ఎంత పలచనిదో తెలియజేయడానికి శిల్పి ఒంటి వంపులను ఉన్నవున్నట్టు చెక్కి, అంచు దగ్గర, ముడి దగ్గర మాత్రం గీతలు పెట్టి ఊరుకున్నాడు. స్త్రీల నడుము మీద పేటలు పేటలుగా మొలనూళ్ళు, కాళ్ళకు బరువైన కడియాలు, మగవాళ్ళ తలపాగాలకు ముందువైపు పెద్ద ముడులు కనిపిస్తాయి. అక్కడి ఫలకాలు ఎన్నో చెన్నై ప్రభుత్వ మ్యూజియానికీ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ తరలిపోయాయి. అయినా అమరావతిలోని మ్యూజియంలో ఉన్నవాటి ముందు ఒక పూట నిలబడి బొమ్మలు గీసుకుంటే నీ పనికి సరిపడా దొరుకుతాయి.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పలక మీద చెక్కిన మనిషికి ముందుభాగమే ఉంటుంది, వీపు ఉండదు. నువ్వు క్లాసులో డ్రెస్ ఫారం (మనిషి ఒంటి ఆకారపు దిమ్మ) మీద మస్లిన్ గుడ్డను గుండుసూదులతో అమరుస్తున్నప్పుడు, ముందు కుచ్చిళ్ళు శిల్పంలో ఉన్నట్టే వచ్చాయనుకో, ఫారాన్ని వెనక్కి తిప్పేసరికి ఏం చేశావు? కొసను కచ్చలాగా వెనక్కి తీసి దోపావా, భుజం మీదికి తెచ్చావా, లేక ఎవరూ చూడరులే అని జిప్పు పెట్టి ముగించావా? రాతిలో ముడి జారదు; సాటిన్ మీద వేసిన ముడి నాలుగడుగులు నడిచేసరికి జారుతుంది. దాన్ని జారనివ్వకుండా లోపల కుట్టేశావంటే, అది ఇక ముడి కాదు, ముడిలా కనిపించే అతుకు. అలా చేయడం తప్పని నేను అనను. ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నావో, తీసుకునేటప్పుడు నీకు ఇష్టంగా ఉందో కష్టంగా ఉందో రాస్తే, అమరావతిని ఎన్నడూ చూడనివాళ్ళు కూడా నీ వ్యాసాన్ని చివరిదాకా చదువుతారు. ఆ వీపు నువ్వు ఊహించి కట్టినది కాబట్టి, నీ సృజన అని చెప్పుకోదగినది అక్కడే ఉంది.

మంగళగిరి విషయంలోనూ ఇంతే. గుంటూరుకూ విజయవాడకూ మధ్య ఆ ఊరు మీదుగా నువ్వు లెక్కలేనన్నిసార్లు బస్సులో వెళ్ళి ఉంటావు. ఈసారి దిగి, గుంటమగ్గం నడిచే ఒక ఇంటికి వెళ్ళి కూర్చో. నేసేవారి కాళ్ళు గుంటలో తొక్కుడు కర్రల మీద ఉంటాయి, చేతులు పోగును అటూ ఇటూ మోసే నాడె మీదా, దాన్ని బిగించే పలక మీదా ఉంటాయి, మాట్లాడుతున్నా చూపు మాత్రం అంచు దగ్గరి జరీ పోగు మీదే ఉంటుంది. బుటాలు, అంటే చిన్న చిన్న పువ్వుల బొమ్మలు, లేని సాదా ఒడలు, నిజాం అంచు అనే సన్నటి గోపురాల వరుస, తొడిగేకొద్దీ మెత్తబడే నూలు, ఇవి ఆ నేతకు పేరు తెచ్చినవి. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. ఫ్యాషన్ విద్యార్థిని మాత్రమే రాయగలిగినది తరువాతి సంగతి.

అంచు పడుగు (నిలువు పోగులు) వెంట, బట్ట పొడవునా సాగుతుంది. ఆ అంచు నీ గౌను కింది భాగంలో రావాలంటే బట్టను అడ్డంగా తిప్పి కోయాలి; అలా తిప్పితే దుస్తు పొడవు బట్ట పన్నాకు, అంటే వెడల్పుకు, లోబడిపోతుంది. పన్నా 45 అంగుళాలో 48 అంగుళాలో అయినప్పుడు, పొడగరి పిల్లకు భుజం నుంచి పాదం దాకా ఒకే ముక్కలో గౌను రాదు. నడుము దగ్గర అతుకు తప్పదు. ఇక అంబ్రెల్లా కట్ కావాలనుకుంటే మరీ ఇబ్బంది, ఎందుకంటే ఆ కట్‌లో కింది అంచు గుండ్రంగా తిరుగుతుంది, నేసిన అంచేమో తిన్నగా ఉంటుంది. మన అమ్మమ్మలు కుట్టించిన పట్టు పరికిణీని ఒకసారి విప్పి చూడు: అది తిన్నటి బట్ట, పైన కుచ్చులు పోసి నడుముపట్టీకి కలిపినది. అంచు ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగి రావాలంటే అంతకంటే తేలిక మార్గం లేదు. నీ వ్యాసంలో పరికిణీ గురించి మన సంప్రదాయానికి ప్రతీక అని ఒక మాట ఉంది. దాన్ని కొట్టేసి, ఈ కొలతల గొడవ రాయి. నువ్వు మంగళగిరి బట్టను ఐమూలగా కోసినప్పుడు అంచు ముక్కలైపోతే, ఆ ముక్కలను ఏం చేశావో కూడా రాయి. చేతిపట్టీలకు వాడావా, మెడచుట్టూ వేశావా, సంచీలో పడేశావా?

కలంకారీ దగ్గర మాత్రం నిన్ను కొంచెం మందలించాలి. శ్రీకాళహస్తి పనినీ, మచిలీపట్నం పక్కన పెడనలో జరిగే పనినీ కలిపి ఒకటే చేసేశావు. కాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. రెండిటికీ రంగుల విద్య దగ్గరిదే కానీ చేతిపని వేరు, చూపు వేరు. పెడనకు వెళ్ళినప్పుడు పని వరుసను అడిగి రాసుకో. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో బట్టను ముంచి ఆరబెట్టడం, తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవంతో నలుపు గీతలు అద్దడం, ఎరుపు రావలసిన చోట పటిక అద్దడం, తరువాత పారే నీటిలో జాడించడం, వేళ్ళూ చెక్కలూ వేసిన రంగునీళ్ళలో ఉడికించడం, ఇలా సాగుతుంది. ఇందులో నువ్వు దగ్గరగా చూడవలసినది పటిక అద్దే ఘట్టం. అప్పటికి బట్ట మీద అసలు ఎరుపు ఇంకా రాదు. అద్దేవారు ఇంకా రాని రంగును మనసులో పెట్టుకుని, ఏ ఆకు పక్కన ఏ పువ్వు రావాలో తప్పకుండా అచ్చు దింపుతూ పోతారు. ఉడికించాకే ఎరుపు పైకి తేలుతుంది. దీన్ని నీ కళ్ళతో చూడకుండా సహజమైన రంగుల సౌందర్యం అని రాస్తే, అది బీసెంట్ రోడ్డులో స్క్రీన్ ప్రింట్ గుడ్డను కలంకారీ అని అమ్మేవాడి మాటకు దగ్గరగా ఉంటుంది. మంగళగిరి నేతకూ, మచిలీపట్నం కలంకారీకీ భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు పనికే చెందుతుందనే జీఐ గుర్తింపు) ఉందన్న సంగతి నీకు పాఠంలో చెప్పే ఉంటారు. పవర్‌లూమ్ బట్టతో కుట్టిన దుస్తుకు రాతలో మంగళగిరి పేరు తగిలించడం కూడా ఆ నేతగాళ్ళ కూలికి గండికొట్టడమే.

దుర్గమ్మవారి అలంకారాల గురించి ఎక్కువ చెప్పను. మూలా నక్షత్రం నాటి సరస్వతీదేవి తెల్లచీరను గురించి ఇప్పటికే అందరూ రాశారు. నీ దగ్గర కొత్తమాట ఉంటేనే దాని జోలికి వెళ్ళు. బ్యారేజీ మీది ఎండను మాత్రం నిర్దాక్షిణ్యంగా తీసేయ్.

విజయవాడ గురించి తప్పకుండా రాయాలని ఉంటే, నీ చదువుకు సంబంధించిన సంగతి ఒకటి ఆ ఊళ్ళోనే జరిగింది. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో, రాట్నం గుర్తుతో రూపొందించిన జెండాను గాంధీజీకి అందించారు. దానికి తెలుపు కూడా చేర్చాలని గాంధీజీ సూచించారు. తను గీసిన నమూనాలో పెద్దవాళ్ళు మార్పు చెప్పినప్పుడు మన మనసు ఎలా ఉంటుందో నీకు ప్రతి సబ్మిషన్‌కూ అనుభవమే కదా. ఆ వెంకయ్యగారే కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అని పేరు తెచ్చుకున్నారు. పత్తి గింజ తెలిసినవాడు జెండాకు రూపమివ్వడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. నూలు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా బట్టకు డిజైన్ గీసేవాళ్ళ కాలంలో మనం ఉన్నాం కాబట్టి కాబోలు.

ఇక నీ దినచర్య. ఉదయం లేవడం, టిఫిను, బస్సు, క్లాసులు, హాస్టలు, నిద్ర. ఇది కాలేజీ నోటీసు బోర్డు మీది టైంటేబుల్‌లా ఉంది. నీ వ్యాసంలో నువ్వు తప్ప మనుషులు లేరు. బట్ట అంచు పీచు రాకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషీన్ ఒక్కటే ఉన్న ల్యాబ్‌లో వంతు కోసం నిలబడ్డవాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? సబ్మిషన్ ముందురాత్రి నీ కొలతలకు సరిపోని గౌనును ఎవరు తొడుక్కుని కదలకుండా నిలబడ్డారు? హాస్టల్ గది నేలమీద దారపు పీచును ఎవరు ఊడుస్తారు, ఊడుస్తూ నిన్ను ఏమంటారు? మస్లిన్ మీటరు ఎంతకు కొన్నావు, నెలాఖరున అమ్మను డబ్బు అడగడానికి ఏ సాకు చెప్పావు?

మీ వీధి చివరి టైలర్ దగ్గర నువ్వు కుట్టుకూలికి బేరమాడావని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నా దృష్టిలో వ్యాసమంతటిలో ప్రాణమున్న వాక్యం అదే. ఆయన నోటుబుక్కు ఎప్పుడైనా చూశావా? ఒక్కో పేజీలో కొలతల వరుస, పక్కన పిన్ను కొట్టిన జాకెట్టు ముక్క, కింద ఇవ్వవలసిన తేదీ, ఆ తేదీ మీద కొట్టివేత. మీకు నేర్పే ప్యాటర్న్ మేకింగ్‌లో చాతీ కొలత నుంచి లెక్కవేసి కాగితం మీద నమూనా గీస్తారు. ఆయన మాత్రం ఆది జాకెట్టును (కొలతకు ఇచ్చిన పాత జాకెట్టును) తిరగేసి బల్ల మీద పరిచి, చాక్‌తో చుట్టూ గీసి, చంక దగ్గర ఒక వేలు వదిలి కోస్తాడు. రెండు పద్ధతుల్లోనూ జాకెట్టు కుదురుతుంది, రెండిటిలోనూ కుదరకా పోతుంది. ఎందుకో తెలుసుకోవాలని ఒక మధ్యాహ్నం ఆయన దుకాణంలో కూర్చుంటే, మీ క్లాసు పాఠం కూడా నీకు ఇంకా బాగా అర్థమవుతుంది. అలాగే మగ్గం వర్క్ అనే ఎంబ్రాయిడరీ చేసే కుర్రవాళ్ళ దగ్గర కూర్చో. బిగించిన చట్రం మీద పైచేతిలో సూది, కిందిచేతిలో దారం. కిందిచేయి ఏం చేస్తోందో వాళ్ళు చూడరు, చూడనవసరం లేదు. వాళ్ళ కూలి సంగతి, ఊరి సంగతి రాసేముందు మాత్రం వాళ్ళను అడుగు. వద్దంటే పేరు తీసేసి, గుర్తుపట్టే వివరాలు కూడా తీసేయ్. యజమాని చదివితే ఇబ్బంది పడేది నువ్వు కాదు, వాళ్ళు.

భాష విషయంలో నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఒంటికి కుదిరేలా బట్టను మడిచి కుట్టే డార్ట్‌ను డార్ట్ అనే రాయి, కాజాను కాజా అనే రాయి. నిఘంటువు వెతికి ఎవరూ పలకని మాట తేనక్కర్లేదు. అద్భుతం, అపురూపం, మనోహరం అన్న విశేషణాలు ఒక్క పేజీలో పదకొండు లెక్కపెట్టి సున్నా చుట్టాను. వాటిని తీసేసి చదివితే ఏ వాక్యం కూడా నష్టపోలేదు, నువ్వే చూసుకో. మీరు క్లాసులో మూడ్ బోర్డ్ కోసం కత్తిరించి అంటించే బొమ్మలకంటే, నువ్వు నిజంగా వాడిన బట్టల ముక్కలను తేదీలతో సహా ఒక నోటుబుక్కులో అంటించి, ఎక్కడ కొన్నావో, ఉతికితే ఎంత కుంచించుకుపోయిందో, ఇస్త్రీకి లొంగిందో లేదో పక్కనే రెండు ముక్కలు రాసుకోవడం మేలు. వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు జ్ఞాపకం దగా చేస్తుంది, ఆ నోటుబుక్కు చేయదు.

తిరగరాసిన ప్రతిని తొందరపడి పంపవద్దు. నీ పరీక్షలు అయ్యాక చాలు. చేతిరాతలో ఉన్నా ఫరవాలేదు, మార్జిన్ మాత్రం కాస్త ఎక్కువ వదులు. అమరావతి గురించే రాసేటట్టయితే ఆ మస్లిన్ నమూనా వెనకభాగం ఫోటో కూడా జతచెయ్యి. ఏం చేశావో చూడాలని నాకు నిజంగానే కుతూహలంగా ఉంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి