డబ్బు పెట్టి కొన్న సీడీ కారులో మోగలేదు

"2000ల తొలి ఏళ్లలో పాటల సీడీలకు కాపీ రక్షణ, అంటే కాపీ చేయకుండా అడ్డుకునే ఏర్పాటు, పెడితే కొనుగోలుదారులకు అంత కోపం ఎందుకు వచ్చింది? ఇబ్బంది దొంగ కాపీలు చేసేవాళ్లకే కదా?" అని అడిగారు. మీ రెండో వాక్యంతోనే నాకు పేచీ. ఇబ్బంది పడింది దుకాణానికి వెళ్లి, పూర్తి ధర చెల్లించి, రసీదు తీసుకుని బయటకు వచ్చిన మాలాంటివాళ్లం.

2004లో ఉద్యోగరీత్యా జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఉండేవాణ్ని. ఒక శనివారం సాయంత్రం 17 యూరోలు పెట్టి ఒక జాజ్ గాయని కొత్త ఆల్బమ్ కొన్నాను. మర్నాడు ఒక స్నేహితుడి కుటుంబాన్ని ఎక్కించుకుని బ్లాక్ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతం వైపు బయలుదేరాం. దారి పొడవునా ఆ పాటలే వినాలని నా ఉబలాటం. కారులోని ప్లేయర్ సీడీని లోపలికి లాక్కుంది, కాసేపు తిప్పింది, చిన్న తెర మీద ట్రాకుల సంఖ్య ఒక్క క్షణం కనిపించి మాయమైంది, ఆ తరువాత "ఎర్రర్" అన్న అక్షరాలు వెలిగి సీడీ బయటకు వచ్చేసింది. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టాను. మూడుసార్లూ అదే తంతు. వెనక సీట్లోంచి స్నేహితుడి కొడుకు "అంకుల్, పాట ఇంకా రాలేదేం?" అని అడుగుతూనే ఉన్నాడు. కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే ఆ సీడీ మీద ఒక్క గీత కూడా లేదు.

ఇంటికి వచ్చాక అట్ట వెనక చూస్తే, కారు ప్లేయర్ల వంటి కొన్ని పరికరాల్లో మోగకపోవచ్చని చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. సీడీలంటే మనకు అలవాటైన "కాంపాక్ట్ డిస్క్" ముద్ర ఆ అట్ట మీద ఎక్కడా లేదు. సీడీ రూపకర్తల్లో ఒకరైన ఫిలిప్స్ సంస్థే, సీడీ ఎలా ఉండాలో నిర్దేశించే 1980 నాటి రెడ్ బుక్ ప్రమాణానికి లోబడని ఇలాంటి బిళ్లల మీద ఆ ముద్ర వేయకూడదని చెప్పింది. కంప్యూటర్‌లో పెడితే అసలు పాటలకు బదులు దానంతట అదే ఒక చిన్న ప్లేయర్ తెరుచుకుని, నాణ్యత తగ్గించి కుదించిన పాటలను వినిపించింది.

దీని వెనక ఉన్న పద్ధతి తెలిశాక నా కోపం ఇంకా పెరిగింది. మామూలు ప్లేయర్ బిళ్ల మీది, ఏ పాట ఎక్కడుందో చెప్పే మొదటి విషయసూచికనే చదువుతుంది, కంప్యూటర్ డ్రైవ్ చివరిదాకా వెతుకుతుంది. అందుకే చివర్లో తప్పుదారి పట్టించే మరో సూచిక పెట్టారు. చాలా కారు ప్లేయర్లలో ఉండేదీ కంప్యూటర్ డ్రైవ్ లాంటి యంత్రమే కాబట్టి అవీ దారి తప్పేవి. కొన్ని పద్ధతుల్లో పాటల డేటాలోనే కావాలని తప్పులు చొప్పించేవారు. సీడీలో తప్పులు సరిదిద్దే ఏర్పాటు ఉన్నది గీతలు పడినా పాట నిలవాలని. ఆ ఓపికను కంపెనీయే ముందుగా వాడేసుకుంటే, పదేళ్ల తరువాత నిజంగా గీతలు పడినప్పుడు ఏం మిగులుతుంది? కొత్త చొక్కాను చింపి, కుట్టి అమ్మడం లాంటిది ఇది.

దుకాణంలో కవరు విప్పిన సీడీ వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. చివరికి గదిలోని చిన్న ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు తీగ కలిపి, గంటకు పైగా కూర్చుని, పాటలన్నీ రికార్డు చేసి ఖాళీ సీడీ మీదకు ఎక్కించుకున్నాను. పాటకూ పాటకూ మధ్య సన్నని కరెంటు రొద వినిపించేది గానీ, కారులో మోగింది అదే. ఇంకొక మాట కూడా చెప్పాలి: జర్మనీలో సొంత వాడకానికి చేసుకునే కాపీల కోసమని 1965 చట్టం నాటి నుంచీ రికార్డింగ్ పరికరాల ధరలోనే రుసుము కలిపి వసూలు చేస్తున్నారు, ఆ పద్ధతి తరువాత ఖాళీ క్యాసెట్లకూ సీడీలకూ వచ్చింది. అలాంటి దేశంలోనే 2003 సెప్టెంబరు నుంచి ఈ రక్షణను ఛేదించడం చట్టవిరుద్ధమైంది. కాపీకి రుసుము కట్టించుకుని, ఆ కాపీకి తలుపు మూయడం ఏ న్యాయమో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నాకు పోయింది ఒక ఆదివారం మాత్రమే. 2005లో అమెరికాలో సోనీ బీఎంజీ అనే సంగీత సంస్థ సీడీలు కొన్నవాళ్ల కంప్యూటర్లలోకి, తన ఉనికినే దాచుకునే రూట్‌కిట్ అనే రహస్య ప్రోగ్రాము చేరింది. అక్టోబరు 31న మార్క్ రుసినోవిచ్ అనే నిపుణుడు దాన్ని బయటపెట్టాడు. అది కల్పించిన చాటును వైరస్‌లు రాసేవాళ్లు కూడా వాడుకున్నారు. నవంబరులో కంపెనీ ఆ సీడీలను వెనక్కి పిలిచింది. అదే పాటలను ఉచితంగా దించుకున్నవాడి కంప్యూటర్‌లోకి ఆ రూట్‌కిట్ రాలేదు.

సీడీ వ్యాపారాన్ని ఇంటర్నెట్ దెబ్బతీసిందని అందరూ అంటారు. నా గట్టి నమ్మకం వేరు: కొన్నవాణ్ని దొంగలా చూసిన ఆ మూడు నాలుగేళ్లే నిజమైన దెబ్బ. 2008 జనవరి నాటికి నాలుగు పెద్ద సంగీత సంస్థలూ రక్షణ లేని పాటలను ఇంటర్నెట్‌లో అమ్మడానికి ఒప్పుకున్నాయి. అప్పటికి నేను సీడీల దుకాణం మెట్లెక్కి దాదాపు నాలుగేళ్లయింది.