భీమిలి షెడ్డులోని కారు గురించి కల్యాణికి

చిరంజీవి కల్యాణికి మావయ్య ఆశీస్సులు.

భీమిలిలో తోట బంగళా షెడ్డులో పడి ఉన్న పాత మోటారు కారును నువ్వు కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ముందు కోపం వచ్చింది, ఆ వెనకే ఛాతీ ఉప్పొంగింది. రెండూ ఇంకా తగ్గలేదు కనుక ఈ ఉత్తరంలో ఏ మాట దేనివల్ల వచ్చిందో నువ్వే పోల్చుకో. రేడియేటరు లేదు, టాపు లేదు, వెనక సీటు లేదు, పేరు పలక లేదు, అయినా అమ్మినవాడు ఫోర్డేనని ఒట్టు వేశాడట. అమ్మేవాడి నోట పాత బండి ప్రతిదీ ఫోర్డే అవుతుంది, తల్లీ. డబ్బు ఇచ్చే ముందు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే నీ సొమ్మేం పోయేది?

సరే, జరిగిందేదో జరిగింది. నువ్వు పంపిన ఫొటోలో ముందు ఇరుసు మీద కమాను పట్టీలు అడ్డంగా ఉన్నాయి. ముందొకటి, వెనకొకటి, రెండు కమాన్లూ ఛాసిస్‌కు అడ్డంగా ఉండటం ఫోర్డ్ వారి ‘మోడల్ టీ’ కారు లక్షణం. 1908 నుంచి 1927 వరకు కోటిన్నరకు పైగా తయారైన బండి కనుక దానికి ఈనాటికీ కొత్త విడిభాగాలు దొరుకుతాయి. కానీ దాని తరువాత వచ్చిన ‘మోడల్ ఏ’ అనే ఫోర్డ్ బండికి కూడా కమాన్లు అడ్డంగానే ఉంటాయి కాబట్టి ఆ ఒక్క గుర్తుతో సంబరపడకు. పెడల్స్ చూడు. మోడల్ టీలో ఎడమది గేర్లకు, మధ్యది రివర్సుకు, కుడిది బ్రేకుకు పనిచేస్తాయి. యాక్సిలరేటరుకు పెడల్ ఉండదు, స్టీరింగు కింద చేతి మీట ఉంటుంది.

ఇంజను నంబరు బ్లాకుకు ఎడమ పక్కన, నీళ్ల గొట్టం వచ్చి చేరే చోటుకు పైన పొడిచి ఉంటుంది. దాని ముందు సీ అక్షరం ఉంటే అది కెనడాలో తయారైనది. బ్రిటన్‌ను మినహాయిస్తే బ్రిటిష్ పాలనలోని దేశాలకు ఫోర్డ్ బండ్లు కెనడా కంపెనీ ద్వారానే వచ్చేవి కనుక మన వైపు ఆ అక్షరం కనబడితే ఆశ్చర్యం లేదు. ఆ చోట గ్రైండరు గాని, ఆకురాయి గాని, ఉప్పు కాగితం గాని తగలనివ్వవద్దు. కిరోసిన్‌లో తడిపిన మెత్తటి కుంచెతో తుడిచి, ఆరిన తరువాత సుద్దపొడి రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి.

బోల్టులు కూడా సాక్ష్యమే చెబుతాయి. అర అంగుళం బోల్టుకు అంగుళం పొడవున అమెరికా ముతక త్రెడ్డయితే 13 చుట్లు, సన్నదయితే 20 ఉంటాయి, ఇంగ్లీషు విట్‌వర్త్ రకం త్రెడ్డయితే 12 ఉంటాయి. మీ బండిలో 12 కనబడితే కంగారు పడకు. తరువాతి రోజుల్లో ఎవరో ఇక్కడి వర్క్‌షాపులో మరమ్మతు చేశారనడానికి అది ఆనవాలు కావచ్చు.

ఇక అసలు సంగతి. మా చిన్నాన్న కంచరపాలెంలో ఉండగా ఇలాంటి టూరర్ బండినే, అంటే మడిచే టాపు ఉన్న కారునే తెచ్చుకున్నాడు. ఇంజను బాగానే ఉంది, రేకు చాలావరకు మిగిలి ఉంది, కానీ ఆ రేకును మోసే చెక్క చట్రానికి చెదలు పట్టింది. ఆయన ఉత్సాహంగా రేకంతా ఊడదీసి, చట్రాన్ని ముక్కలు ముక్కలుగా పెరట్లో కుప్ప పోశాడు. భోగి తెల్లవారుజామున వీధి పిల్లలు వచ్చి అడిగితే, పుచ్చిన చెక్కే కదా పట్టుకుపొమ్మన్నాడు. మేమందరం ఆ మంట చుట్టూ చేరి హాయిగా చలి కాచుకున్నాం. పండగ వెళ్లాక వడ్రంగి వచ్చి నమూనా ఏదని అడిగినప్పుడు గాని ఆయనకు తెలిసిరాలేదు. చట్రం లేని రేకు నిలబెడితే నిలబడదు, వంచితే ఎటైనా వంగుతుంది. తలుపు పక్కనుండే నిలువు కర్ర పైకి పోయేకొద్దీ ఎంత వెనక్కి వాలుతుందో, ఏ కర్ర ఏ కర్రలో ఎంత లోతుకు దిగుతుందో, మేకు ఎక్కడ దిగిందో చెప్పగలిగినవి ఆ పుచ్చిన ముక్కలే. వడ్రంగి మంచి టేకుతో కర్రను నిటారుగా నిలిపాడు. తలుపు పడలేదు. తలుపు అంచు అరగదీస్తే సందు వచ్చింది, సందు పూడ్చడానికి కర్ర జరిపితే బానెట్ వంకర పోయింది. ఒకటి సరిచేస్తే మరొకటి చెడుతూ ఆ బండి చివరికి ఇనుము ధరకు పోయింది.

అందుకని, నీ ఫొటోలో వెనక గోడ పక్కన కనిపించే ఆ చెక్కల కుప్పలో అగ్గిపుల్లంత ముక్కను కూడా పారేయకు. ప్రతి ముక్కకూ చీటీ కట్టు, ఎక్కడ దొరికిందో రాసి పెట్టు, ఊడదీసే ముందు టేపు పక్కన పెట్టి ఫొటో తీయి. చేత్తో ముడితే పొడి రాలే ముక్కను కదపకుండానే అట్ట మీద దాని గీత గీసుకో.

భీమిలి గాలిలో ఉప్పు ఉంటుంది కనుక విప్పిన ఇనుముకు ఆ సాయంత్రమే నూనె పూయాలి. పట్టేసిన ఇంజనులో ప్లగ్గు రంధ్రాల గుండా డీజిల్ పోసి రోజుల తరబడి వదిలేయాలి గాని తాడు కట్టి బండిని లాగించకూడదు. రిజిస్ట్రేషన్ సంగతికొస్తే, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వింటేజ్ బండికి 20,000 రూపాయల రుసుముతో 10 ఏళ్లకు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది, కాబట్టి వేరే ఇంజను వేద్దామనే వాళ్ల మాట వినకు.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇంజను స్టార్టు చేయడానికి బండి ముందు నిలబడి తిప్పే హ్యాండిల్. వీణ మీటే చేయి నీది. స్పార్కు మీట, అంటే ఇంజనులో నిప్పురవ్వ పడే వేళను ముందుకూ వెనక్కూ జరిపే, స్టీరింగు కింద ఎడమ వైపుది, పూర్తిగా పైకి ఉంటే తప్ప హ్యాండిల్ ముట్టుకోవద్దు. లేకపోతే ఇంజను ఎదురు తన్ని మణికట్టు విరుగుతుంది. ఎడమ చేత్తో పట్టుకో, బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచు, కింద నుంచి పైకి లాగు. చేతి బ్రేకు మీట పూర్తిగా వెనక్కి లాగి, చక్రాలకు దిమ్మలు పెట్టాలి, ఎందుకంటే మోడల్ టీ స్టార్టు కాగానే ముందుకు పాకి ఎదుట నిలబడ్డవాళ్ల మీదికి వస్తుంది. మొదటిసారి తిప్పేది నేనే, ఇందులో వాదన లేదు.

రేపు ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి టేపు పట్టి ఫోన్ చేయి. 100 అంగుళాలైతే మోడల్ టీ పుస్తకం తీసుకుని ఆదివారం వస్తాను. 103న్నర వస్తే ‘మోడల్ ఏ’ అనుకుని వేరే పుస్తకం వెతకాలి. రెండూ కాకపోతే అమ్మినవాడి ఫోన్ నంబరు నాకు పంపు.

మీ మావయ్య