రంగు కాదు, రంగు మారే చోటు చూడు

విజయవాడ

అమ్మడూ, ఆశీస్సులు.

జనవరిలో గన్నవరం నుంచి ఢిల్లీ ప్రయాణమని, విండీ అనే వాతావరణ మ్యాప్‌లో ఎరుపు చూసి విమానం కుదుపుతుందేమోనని బెంగపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ మ్యాప్ తెరవగానే చూపేది నేలమీది గాలి. నువ్వు పోయేది దాదాపు 34 వేల అడుగుల్లో. అందులో ఎత్తును గాలి ఒత్తిడి లెక్కన, హెక్టోపాస్కల్‌లలో చూపిస్తారు; ఎత్తు మీటను 250 హెక్టోపాస్కల్ దగ్గరికి జరిపి అప్పుడు చూడు. హైదరాబాదు వెళ్లే ఏటీఆర్‌కైతే, అదే చిన్న పంఖాల విమానానికైతే, 500 పెట్టు, అది 18 వేల అడుగులు.

చలికాలంలో ఉత్తరాదిన ఆ ఎత్తులో పడమటి జెట్ గాలి 100 నాట్లు, అంటే గంటకు 185 కిలోమీటర్లు దాటడం మామూలే. రంగు చూసి హడలిపోకు. బందరు కాలవకి నీళ్లు వదిలినప్పుడు చూశావుగా, నడిమి ధార ఎంత జోరున్నా నున్నగా పోతుంది, సుడులన్నీ గట్టు వారనే. గాలీ అంతే. భోపాల్ మీద వేలు పెడితే 50 నాట్లు, గ్వాలియర్ మీద 120 వచ్చిందనుకో, అదీ గట్టు. అక్కడే మీటను 300కి, మళ్లీ 250కి జరుపు. మధ్య ఎత్తు సుమారు నాలుగు వేల అడుగులు. ఆ రెండు ఎత్తుల గాలి వేగాల తేడా 25 నాట్లు, అంటే వెయ్యి అడుగులకు ఆరు దాటితే కుదుపుకి అవకాశం గట్టిగా ఉన్నట్టే. అక్కడ మబ్బు తునకైనా ఉండక్కర్లేదు, అందుకే విమానం రాడార్‌కి అది దొరకదు.

ఏప్రిల్, మే సాయంత్రాల లెక్క వేరు. అదే మ్యాప్‌లో కేప్ అనే పొర ఉంటుంది, మబ్బు పైకి ఎగయడానికి గాలిలో ఉన్న శక్తి లెక్క; అది 2,500 దాటితే ఉరుముల మబ్బుకి సరుకు ఉన్నట్టు. సరుకున్నంత మాత్రాన వంటయినట్టు కాదు. బయల్దేరే ముందు మ్యాప్ వెనకున్న అంచనా లెక్కని పక్కనపెట్టి, వానమబ్బుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపే మచిలీపట్నం డాప్లర్ రాడార్ చూడు. పైలట్లు అలాంటి మబ్బుకి దాదాపు 37 కిలోమీటర్లు ఎడంగా పోవాలని చూస్తారు, ఆలస్యాలు అందుకే.

జనవరి పొద్దున గన్నవరంలో అసలు బెడద పొగమంచు. విమానాశ్రయం వాతావరణ నివేదికని మెటార్ అంటారు, అందులో మన విమానాశ్రయం గుర్తు వీఓబీజెడ్. వేళ చివర జెడ్ ఉంటే అది గ్రీన్‌విచ్ వేళ, మన వేళకి 5:30 గంటలు కలుపుకో, ఇక్కడే చాలామంది తప్పుతారు. ఎఫ్‌జీ, అంటే పొగమంచు గుర్తు పక్కన 0300 కనిపిస్తే చూపు 300 మీటర్లే. విమానం ఎలాగూ ఆలస్యమవుతుందిలే, ఇంటి దగ్గరే టిఫిను తిని నిదానంగా బయల్దేరుదామనుకోకు, కౌంటర్ వేళకే మూస్తారు.

రెక్క మీది సీటు అడుగు, తోకవైపు ఊపు ఎక్కువ. బెల్టు దీపం ఆరినా పెట్టుకునే కూర్చో. మ్యాప్ ముందురోజు రాత్రి చూస్తే చాలు. ఇప్పటినుంచి రోజూ తెరిస్తే రోజుకో బొమ్మ చూపిస్తుంది.

పెదనాన్న