4 అడుగుల ఉప్పునీటి తొట్టిలో ఎంపరర్ ఏంజెల్ చేపను పెట్టొచ్చా? కాకపోతే ఏ ఏంజెల్ మంచిది?

మీ తొట్టి 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు అన్నారు. అంటే 250 లీటర్లు. రాళ్లు, ఇసుక పోను నీళ్లు 200 లీటర్లు మిగిలితే గొప్ప. అందులో ఎంపరర్ వద్దండి. షాపులో మీకు చూపించింది పిల్ల చేప. ముదురు నీలం మీద తెల్లటి వలయాలు, ఎవరి మనసైనా లాగేస్తుంది. అదే పెద్దదైతే వలయాలు పోయి పసుపు చారలొస్తాయి, ఒళ్లు 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మీ తొట్టి వెడల్పే 45. ఇక అది వెనక్కి తిరిగేదెలా?

"ఇప్పుడు వేసుకోండి, పెద్దయ్యాక మార్చుకోవచ్చు" అని షాపువాళ్లు చెప్తారు. ఎక్కడికి మారుస్తాం? మా బావ దగ్గర గోడంత తొట్టిలో ఒక ఎంపరర్ ఉంది. అద్దం దగ్గరికొచ్చి మన మొహం చూస్తూ నిలబడుతుంది, బెదిరితే లోపల్నుంచి తలుపు తట్టినట్టు టక్ టక్‌మంటుంది. భలే ముచ్చటగా ఉంటుంది. కానీ కొత్తగా ఏ చేపను వేసినా మూలకు తరిమేస్తోందని బావ ఇంకేమీ వెయ్యడమే మానేశాడు.

అలాగని సైజు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. అది సముద్రంలో ఏం తిని బతుకుతుందో అడగండి. రీగల్ ఏంజెల్ 25 సెంటీమీటర్లే, అందంలో దాన్ని మించింది లేదంటాను. కానీ దాని తిండి స్పాంజీలు, రాళ్లకు అతుక్కుని బతికే చిన్న జీవులు. మనం వేసే రొయ్య ముక్కను నోట్లో పెట్టుకుని ఊసేస్తుంది. అలా ఊసేస్తూనే చిక్కిపోతుంది. కరీబియన్ నుంచి వచ్చే రాక్ బ్యూటీదీ ఇదే కథ. కొత్తవాళ్లు ఈ రెండింటి జోలికి పోకపోవడం మేలు.

మీ తొట్టికి సరిపోయేవి సెంట్రోపైజ్ జాతి మరుగుజ్జు ఏంజెల్స్. వాటిలో నా ఓటు కోరల్ బ్యూటీకి. 10 సెంటీమీటర్లు దాటడం అరుదు, ఊదా రంగు ఒంటి మీద నారింజ రంగు, ధర కూడా మరీ గుండె ఆగేంత ఉండదు. మా ఇంట్లో ఉన్నది మొదట్లో రాళ్ల సందుల్లోంచి తల మాత్రమే బయటపెట్టేది. ఇప్పుడు పొద్దున లైటు వెయ్యగానే రాళ్ల మీది పాచిని టుక్కు టుక్కున గీరుకుంటూ తొట్టంతా ఒక చుట్టు చుడుతుంది. ఆ పాచి పట్టాలంటే తొట్టి నడిచి కనీసం ఆరు నెలలైనా అయ్యుండాలి. దానికి తోడు మైసిస్ అనే చిన్న రొయ్యలు, స్పిరులినా అనే నాచు కలిసిన ఫ్రోజెన్ మేత, వారానికి రెండు మూడుసార్లు నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క వేస్తాను. ఫ్లేమ్ ఏంజెల్ కూడా గట్టి చేపే, పసిఫిక్ నుంచి రావాలి కాబట్టి ధర ఎక్కువ. బైకలర్ మాత్రం చవగ్గా దొరికినా వద్దు, చాలావాటికి తిండి అలవాటు కాదు.

పగడాలు పెట్టానన్నారు కదా. మరుగుజ్జు ఏంజెల్ వాటిని కొరకదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నాది జోలికి పోదు, నా స్నేహితుడిది జోయాంథస్ అనే పగడాన్ని బోడి చేసి పెట్టింది. రెండూ కోరల్ బ్యూటీలే! పగడాలే ముఖ్యం అనుకుంటే జెనికాంథస్ రకం ఏంజెల్స్ చూడండి, అవి నీళ్లలో తేలే ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవుల్ని తింటాయి. కాకపోతే ఈదడానికి పెద్ద తొట్టి, పైన మూత కావాలి.

మరుగుజ్జువైనా తొట్టికి ఒక్కటే వెయ్యండి, అది కూడా అన్ని చేపల తర్వాత ఆఖర్న. ముందే వేస్తే తొట్టంతా తనదే అనుకుంటుంది.

కొనేటప్పుడు షాపువాణ్ని మీ కళ్లముందే మేత వెయ్యమనండి. తినని చేపకు డబ్బులివ్వొద్దు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు సయనైడ్ చల్లి పట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అలా వచ్చినవి పైకి నిగనిగలాడుతూనే ఉండి ఉన్నట్టుండి పోతాయి. హ్యాచరీలో పుట్టిన చేప దొరికితే ఎక్కువైనా పెట్టి కొనండి. ఇంకో మాట, వలతో పట్టనివ్వకండి. ఏంజెల్ చేపలకు చెంప కింద ముల్లుంటుంది, అది వలలో ఇరుక్కుంటే విడిపించేలోపు చేపకు గాయమవుతుంది. ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లతో సహా ముంచి తియ్యమనండి.

ఇంటికి తెచ్చాక నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. తెల్ల చుక్కల జబ్బు వస్తే రాగి మందు ఆ తొట్టిలోనే వాడాలి. పగడాలున్న తొట్టిలో పోస్తే పగడాలు, రొయ్యలు అన్నీ చస్తాయి.

మీరు హైదరాబాద్ అన్నారు కాబట్టి చేపకంటే ముందు నీళ్లు చల్లబరిచే చిల్లర్ చూసుకోండి. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, మే నెలలో ఫ్యాన్‌తో అది అయ్యే పని కాదు. బోరు నీళ్లు నేరుగా వాడకుండా ఆర్వో నీళ్లలోనే ఉప్పు కలపండి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి. ఇప్పుడు తొట్టిలో ఏయే చేపలున్నాయో రాస్తే, వాటితో కోరల్ బ్యూటీ పొసగుతుందో లేదో చెప్తాను.