క్యాన్సిల్ బటన్ పనిచేయాలంటే స్క్రీన్ మారిస్తే చాలదు

"డిజైనర్ స్క్రీన్లు చక్కగానే గీశాడు, అయినా వాడేవాళ్లు విసుక్కుంటున్నారు. దీనికీ ఆర్కిటెక్చర్‌కీ (సాఫ్ట్‌వేర్ లోపలి నిర్మాణానికీ) సంబంధం ఉందా?" అని అడిగారు. చాలావరకు సమస్య అక్కడే ఉంటుంది. ఒక్క క్యాన్సిల్ బటన్ చూడండి.

ఏడాది లావాదేవీలన్నీ ఎక్సెల్‌లోకి దించే రిపోర్టు పేజీ ఉందనుకుందాం. నొక్కగానే సర్వర్‌లో ఒక థ్రెడ్ (విడిగా నడిచే పని), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక పెద్ద క్వెరీ (డేటా అడిగే ఆదేశం) మొదలవుతాయి. సర్వర్‌కి ముందుండి రిక్వెస్టులు అందుకునే ఎన్‌జిన్ఎక్స్‌కి 60 సెకన్లు ఏమీ అందకపోతే 504 (టైమౌట్ ఎర్రర్) చూపిస్తుంది, అది దాని డిఫాల్ట్. మనం ప్రత్యేకంగా ఆపితే తప్ప లోపల క్వెరీ నడుస్తూనే ఉంటుంది. వాడే మనిషి మళ్లీ నొక్కుతాడు, ఇంకో క్వెరీ మొదలవుతుంది. నలుగురు మూడేసి సార్లు నొక్కితే 12. ఒక్కో క్వెరీకి ఒక్కో డేటాబేస్ కనెక్షన్ కావాలి, వాటిని పంచే హికారీ పూల్‌లో డిఫాల్ట్‌గా ఉండేవి 10 కనెక్షన్లే. ఇక లాగిన్ కూడా కదలదు. తిట్లు మాత్రం డిజైనర్‌కి.

ఈ దశలో స్క్రీన్ మీద క్యాన్సిల్ పెడితే బ్రౌజర్ ఎదురుచూడటం మానేస్తుంది, అంతే. నిజంగా ఆగాలంటే సర్వర్ వెంటనే ఒక జాబ్ నంబరుతో 202 ("అందింది, పని తర్వాత జరుగుతుంది" అనే జవాబు) తిరిగివ్వాలి, పని క్యూలోకి పోవాలి. క్యూలోంచి పని తీసుకునే వర్కర్ వెయ్యేసి వరుసలు చదివి, ప్రతిసారీ జాబ్ టేబుల్‌లో 'ఆపు' అని ఉందేమో చూడాలి. ఉంటే కర్సర్ (ఫలితాన్ని కొంచెం కొంచెంగా చదివే దారి) మూసి, సగం రాసిన ఫైలు చెరిపేయాలి. ఆ చెరపడమే చాలామంది మరిచిపోతారు, డిస్కు నిండాక గానీ గుర్తురాదు. జావాలో ఆటోకమిట్ (ప్రతి ఆదేశాన్నీ వెంటనే ఖాయం చేసే పద్ధతి) ఆపి ఫెచ్‌సైజ్ (ఒకసారికి తెచ్చే వరుసల సంఖ్య) పెట్టకపోతే పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ మొత్తం ఫలితాన్ని ఒకేసారి మెమరీలోకి లాగేస్తుంది. అప్పుడు వెయ్యేసి చదవడమన్నది పేరుకే.

ఇంకో చిక్కు ఉంది. మొదటి వరుస రాకముందే సార్టింగ్‌లో ఆలస్యమైతే ఆ తనిఖీ దాకా వెళ్లడమే జరగదు. అందుకే నడుస్తున్న స్టేట్‌మెంట్‌ని వేరే థ్రెడ్ నుంచి ఆపే దారి కూడా ఉంచాలి. కొందరు బ్యాకెండ్ పీఐడీ (పోస్ట్‌గ్రెస్‌లో ఆ కనెక్షన్‌ని నడిపే ప్రాసెస్ నంబరు) దాచుకుని దాని మీద క్యాన్సిల్ పంపుతారు. ఈలోగా ఆ కనెక్షన్ పూల్‌లోకి తిరిగెళ్లి ఉంటే ఆగేది ఇంకెవరి క్వెరీయో!

2001లోనే కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లెన్ బాస్, బానీ జాన్ తదితరులు క్యాన్సిల్, అన్‌డూ లాంటివి ఆర్కిటెక్చర్ దశలోనే తేల్చుకోవాలని రాశారు. ఇప్పటికీ వాటిని చివరి వారంలో అడుగుతున్నాం.

ఇలాంటిదే ఇంకోటి: డబ్బు కట్టే పేజీల్లో "బ్యాక్ నొక్కకండి, రిఫ్రెష్ చేయకండి" అని ఎర్రక్షరాల్లో రాయడం నాకు అస్సలు నచ్చదు. సర్వర్ చూసుకోవాల్సిన బాధ్యతను డబ్బు కట్టే మనిషి నెత్తిన పెట్టడం అది. ప్రతి చెల్లింపుకీ ఒక ఐడెంపొటెన్సీ కీ (అదే చెల్లింపు మళ్లీ వస్తే గుర్తుపట్టే ప్రత్యేక నంబరు) పంపి, డేటాబేస్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రయింట్ (ఒకే విలువ రెండోసారి చేరకుండా ఆపే నియమం) పెట్టండి. రెండోసారి అదే కీ వస్తే పాత ఫలితమే తిరిగివ్వండి. కీని పేజీ తెరిచినప్పుడే సర్వర్‌లో తయారుచేసి ఆర్డర్‌తో ముడిపెట్టండి. బటన్ నొక్కినప్పుడు తయారుచేస్తే ప్రతి నొక్కుకీ కొత్త కీ పుడుతుంది, డబ్బు రెండుసార్లు పోతుంది.